బెండు తీయడం

వుల్వర్‌హాంప్టన్‌లో, రైలు వంతెన కింద
రెండో కమాను మాది.
పైన బండి వెళ్ళినప్పుడల్లా
టీ కప్పులో చిన్న అల లేస్తుంది.
రైలొచ్చిందని హోరేస్ ట్రాంటర్‌కి చెప్పేది ఆ అలే.
యాభై ఏళ్ళు రేకుల మీద సుత్తి మోతలు విని విని
ఆయనకంటే ముందే ఆయన చెవులు రిటైరయ్యాయి.

నవంబరు ముసురులో మిస్ ఓక్డెన్ వచ్చింది,
ముదురాకుపచ్చ రెండు సీట్ల కారులో,
అంత వానలోనూ టాపు దించుకుని.
"నలభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది.
రివర్సులో, వెనక ఎడమ పక్క,
ఎవరో నాలుక చప్పరిస్తున్నారు."
నేను పలక మీద రాసి చూపించాను.
హోరేస్ చదివి, "నాలుకా?" అన్నాడు.

రెక్కల నట్టుకి రాగి సుత్తితో మూడు దెబ్బలు.
చక్రం ఒళ్ళోకి వచ్చింది.
హబ్ పళ్ళు వేలితో తడిమాడు. అరగలేదు.
డెబ్బై రెండు స్పోకులు,
లెక్కలు నేర్చిన సాలెపురుగు అల్లినట్టు.
"బండి నేల మీద నిలబడదు పిల్లా,
పై స్పోకులు పట్టుకుని వేలాడుతుంది,
తిరిగేకొద్దీ చేతులు మార్చుకుంటూ.
ఒకడు పట్టు వదిలితే
బరువు పక్కవాడి మీద పడుతుంది.
వాడు కొన్నాళ్ళు మోసి..."
ఎప్పుడు చెప్పినా అక్కడే ఆగి ముక్కు తుడుచుకుంటాడు.

స్పానర్‌తో తట్టుకుంటూ పోయాను.
టింగ్. టింగ్. టింగ్.
తక్.
సుద్దతో గీత.
పది గీతలు పడ్డాయి.
తుప్పు పట్టిన నిపుల్స్‌ని రాత్రంతా నూనెలో నానబెట్టి
పొద్దున్నే బెండు తీయడం మొదలెట్టాం:
ఇటు పావు తిప్పు బిగిస్తే
అటు పావు తిప్పు వదలాలి.
ఎక్కువ బిగించావో, రిమ్ము మొహం తిప్పుకుంటుంది.
రెండు టీలయ్యాయి. బిస్కెట్ల డబ్బా అడుగంటింది.
చక్రం నీళ్ళలో చంద్రుడిలా వణకడం మానేసింది గానీ
ఆ చప్పరింపు మాత్రం పోలేదు.
అరచేత్తో నొక్కితే, ఎక్కడో, చిన్నగా.

తలకిందులు చేసిన డబ్బా మీద కూర్చుని
అంతా చూస్తున్న మిస్ ఓక్డెన్ లేచింది.
ముప్పై ఆరేళ్ళు మంత్రసాని ఆవిడ.
సంచిలోంచి ఓ చెక్క గొట్టం తీసింది,
తల్లి పొట్ట మీద ఆనించి
బిడ్డ గుండె వినేది.
దాన్ని హబ్‌కి ఆనించి కళ్ళు మూసుకుని, "తట్టమ్మా," అంది.
నేను తట్టాను. ఒక్కొక్కటీ.
లోపలి వరసలో, నేను రెండుసార్లు తట్టి
బాగానే ఉందనుకుని వదిలేసినదాని దగ్గర
చెయ్యి ఎత్తింది.
"దీనికి శ్వాస సరిగ్గా లేదు."

హోరేస్ ఒప్పుకోలేదు.
పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని పళ్ళ మధ్య కరుచుకుని
కొనని ఆ స్పోక్‌కి ఆనించి నాకు సైగ చేశాడు.
చక్రానికి అటు ఆవిడ చెవి, ఇటు ఈయన దవడ,
గోడకి అటూ ఇటూ నక్కిన పక్కింటివాళ్ళలా.
నేను మధ్యలో ఊపిరి బిగబట్టి తట్టాను.
ఆయన చాలాసేపు అలాగే ఉండిపోయాడు.
తర్వాత పిడి మీద ఉమ్మి తుడిచి
స్పోక్ ఊడదీశాడు.
వంపు దగ్గర, హబ్ లోపల దాక్కుని,
వెంట్రుకంత పగులు.

కొత్తది వేశాం.
ట్యూబ్‌కి గుచ్చుకోకుండా కొసని ఆకురాయితో అరగదీసి,
పైన టేపు, పళ్ళకి గ్రీజు, మళ్ళీ సుత్తి.
"వంద మైళ్ళు తిరిగి రండి,
కొత్తవి సర్దుకున్నాక ఇంకోసారి చూడాలి,"
అని ఆవిడ చెవిలో చెప్పినట్టు
వీధంతా వినబడేలా అరిచాడు.

గురువారం వచ్చింది.
హోరేస్ తల లోపలికి పెట్టి మీటరు చూశాడు.
తొంభై మూడు.
"మిగతా ఏడూ?"
"వాన పడుతోంది కదా," అంది.
ఆయన ఆ మాట వినలేదో, విననట్టు నటించాడో.
ఏప్రన్ విప్పి నా భుజం మీద పడేసి
పక్క సీట్లో కూర్చున్నాడు, టోపీ గట్టిగా లాక్కుని,
అరచేయి తలుపు మీద ఆనించి.
కారు కాలువ వైపు తిరిగింది.

ఏడు మైళ్ళకి గంటన్నర పట్టింది వాళ్ళకి.